ఎడ్డీ దెబ్బకు హాల్లో ఈలలు ఎందుకు పడ్డాయి?

మంగళం_మేడగది

అందరికీ నమస్కారం. పోయిన శనివారం జరిగినది ఎవరితో మాట్లాడాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మేము పదకొండు మందిమి. పగలు ఎవరి ఉద్యోగం వాళ్లది, రాత్రి ఎనిమిది దాటాక తిరుపతి మంగళం రోడ్డులో ఒక మేడగదిలో రిహార్సల్స్. ఆర్థర్ మిల్లర్ రాసిన ‘ఎ వ్యూ ఫ్రమ్ ది బ్రిడ్జ్’ నాటకాన్ని తెలుగులోకి తెచ్చుకుని ఏడు నెలలు సాధన చేశాం. ఊరు మార్చలేదు, పేర్లు మార్చలేదు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన వైపు రెడ్ హుక్ అనే రేవుపేట. ఎడ్డీ కార్బోన్ ఓడల్లో సరుకు దించే ఇటాలియన్ కూలీ, నలభై ఏళ్లవాడు. భార్య బియాట్రిస్. ఆమె తోబుట్టువు చనిపోతే ఆ కూతురు కేథరిన్‌ను వీళ్లే పెంచారు. పిల్లకు ఇప్పుడు పదిహేడు. సిసిలీ నుంచి బియాట్రిస్‌కు తమ్ముళ్ల వరస అయ్యే మార్కో, రొడాల్ఫో కాగితాలు లేకుండా ఓడెక్కి వచ్చి వీళ్లింట్లో దిగుతారు. చిన్నవాడు రొడాల్ఫోకూ కేథరిన్‌కూ మనసు కలుస్తుంది. ఎడ్డీ తట్టుకోలేడు. చివరికి ఇమిగ్రేషన్ వాళ్లకు తనే ఫోన్ చేసి ఇద్దర్నీ పట్టిస్తాడు. మార్కోతో కలబడి, తను దూసిన కత్తికే తను పోతాడు.

మొదటి అంకం చివర బాక్సింగ్ సీను ఉంది. ఎడ్డీ ‘రా, నేర్పిస్తా’ అని రొడాల్ఫోను లేపుతాడు. ముందు తను రెండు దెబ్బలు కాచుకుంటాడు, నవ్వుతాడు, ఉన్నట్టుండి గట్టిగా ఒకటి ఇస్తాడు. కుర్రాడు తూలిపోతాడు. ఆ క్షణంలో ప్రేక్షకుడి కడుపులో ఏదో కదలాలని మా ఆశ.

శనివారం హాల్లో సుమారు నూట ఇరవై మంది ఉన్నారు. ఆ దెబ్బ పడగానే వెనక వరసల్లోంచి ఈలలు. చప్పట్లు. ఒకాయన ‘ఇంకోటెయ్’ అని అరిచాడు. రొడాల్ఫో వేసిన అబ్బాయి మేకప్ తీసుకుంటూ ఒక్క మాటే అడిగాడు: ‘అన్నా, నేనేం తప్పు చేశానని?’ వాడికి జవాబు చెప్పలేకపోయాను.

తప్పు మా నటనలో ఉందా, అనువాదంలో ఉందా, చూసేవాళ్లలో ఉందా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కపిలతీర్థం_కుర్రాడు

అన్నా, నేనా రోజు మూడో వరసలో ఉన్నా. నాటకం బాగుంది. ఈలలు వేసిన బ్యాచ్ నాకు తెలుసు, వాళ్లు ఏ ఫైటుకైనా వేస్తారు. సినిమా హాల్లో నేర్చుకున్నది ఎక్కడికెళ్లినా చేస్తారు. దీనికి మీరు టెన్షన్ పడాల్సిన పని లేదు.

రేణిగుంట_వాసి

నేనూ వచ్చాను, కుటుంబంతో. ఈల వేయలేదు గానీ చప్పట్లు కొట్టాను. ఎందుకో చెప్తాను, కోప్పడొద్దు.

ఎడ్డీ ఎవరు? పొద్దున లేచి రేవుకు పోయి ఒళ్లు హూనం చేసుకుని ముగ్గురి పొట్ట నింపేవాడు. చచ్చిపోయిన తల్లికి మాటిచ్చానని పిల్లను కళ్లల్లో పెట్టుకుని పెంచాడు. కాగితాల్లేని ఇద్దరికి ఇంట్లో చోటిచ్చాడు, అదీ ప్రమాదం తెలిసే. మొదటి నెలలోనే వచ్చినవాడు పిల్లను సినిమాకు తీసుకెళ్లి ఆలస్యంగా తెస్తే ఏ మగాడికి రక్తం ఉడకదు? మా నాయన గూడూరు నుంచి రేణిగుంటకు రైల్వే పని కోసం వచ్చాడు. మా అక్కను ఎవడో కాలేజీ దగ్గర పలకరించాడని తెలిసి వాణ్ణి కొట్టాడు. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. అది దౌర్జన్యం అని ఇప్పుడు అంటున్నారు. నాకు అది బాధ్యత లాగే కనిపించింది.

ఎడ్డీని రాక్షసుణ్ణి చేస్తే నాటకం చచ్చిపోతుంది. మీ నటుడు అలా చేయలేదు, మనిషిలా చేశాడు. అందుకే చప్పట్లు పడ్డాయి.

కోటనీడ

రేణిగుంట అన్నా, మీ అక్కను ఎవరైనా అడిగారా, ఆ రోజు తనకు ఎలా అనిపించిందో?

గొడవ కోసం అడగడం లేదు. మాది చంద్రగిరి. నేను ఇంటర్ చదివేటప్పుడు మా ఇంట్లోనూ ఇలాంటిదే జరిగింది. మావాళ్లు ఒకబ్బాయిని కొట్టారు. మెచ్చుకోళ్లన్నీ వాళ్లకు దక్కాయి. నాకేమో బస్ పాస్ రద్దయింది, రెండేళ్లు తమ్ముడు వెంట లేకుండా గడప దాటలేదు. కొట్టింది వాణ్ణి, కట్టేసింది నన్ను.

నాటకంలో నన్ను పట్టుకున్నది బాక్సింగ్ సీను కాదు, చెప్పుల సీను. కొత్తవాళ్లు వచ్చిన రాత్రి. కేథరిన్ ఎత్తు మడమల చెప్పులు వేసుకుని ఉంటుంది. రొడాల్ఫో పాట పాడతాడు, పిల్ల ముఖం వెలిగిపోతుంది. ఎడ్డీ చెయ్యి ఎత్తడు, గొంతు కూడా పెంచడు. ఆ చెప్పులు ఎందుకని అడుగుతాడు, అంతే. ఆమె లోపలికి వెళ్లి మామూలు చెప్పులతో తిరిగొస్తుంది. మీ కేథరిన్ ఆ తిరిగిరావడం ఎంత బాగా చేసిందంటే, వెళ్లేటప్పుడు టక్ టక్ మన్న చప్పుడు వచ్చేటప్పుడు లేదు. మొదటి దెబ్బ అక్కడే పడింది. దానికి ఎవరూ ఈల వేయలేదు, ఎవరూ గమనించలేదు కాబట్టి.

పీలేరు_టు_కువైట్

అందరికీ సలాం. నేను నాటకం చూడలేదు, కథ చదివి రాస్తున్నా. పద్నాలుగేళ్లు కువైట్‌లో డ్రైవర్‌ని.

అమెరికా కథ అనుకున్నా గానీ ఇది మా రూము కథ. అకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్ పోయినవాణ్ణి, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర్నుంచి పారిపోయినవాణ్ణి మేం ‘ఖల్లివల్లి’ అంటాం. ప్రతి రూములో ఒకరిద్దరు ఉంటారు. బంధువు అయితే పొమ్మనలేం. మా రూములో ఒకన్న తన బావమరిదిని అట్లా పెట్టుకున్నాడు. మొదట్లో బాగానే ఉన్నారు. బావమరిది వంట బాగా చేస్తాడు, పాట పాడతాడు, రూములో అందరికీ వాడంటే ఇష్టం. అన్నకు అక్కడ మొదలైంది. ‘ఆడదాని మాదిరి వంటింట్లోనే ఉంటాడు’ అని ఒకరోజు. ‘నా దయ మీద బతుకుతా నాకే ఎదురు చెప్తాడా’ అని ఇంకోరోజు. తర్వాత చెయ్యి చేసుకోవడం. కొట్టినా వాడు పోలీసు దగ్గరికి పోలేడని అన్నకు తెలుసు. ఆ ధైర్యం మీదే కొట్టాడు.

ఇక్కడ మీరు రాసినదాంట్లో నాకు తోచింది అది. రొడాల్ఫో తిరిగి కొట్టలేడు. బలం లేక కాదు, కాగితం లేక. కాగితం లేనోణ్ణి కొట్టడం మగతనం ఎట్లయితాది అన్నా?

2018లో కువైట్ వాళ్లు క్షమాభిక్ష ఇచ్చినప్పుడు ఆ బావమరిది ఊరికొచ్చేసినాడు. ఇప్పుడు పీలేరులో ఉన్నాడు. అన్నతో మాటల్లేవు.

మంగళం_మేడగది

పీలేరన్నా, మీ పోస్టు మా వాళ్లందరికీ చదివి వినిపించాను. ఎడ్డీ వాళ్ల రేవులో ఇలాంటివాళ్లను ‘సబ్‌మెరీన్’ అనేవాళ్లు, నీళ్ల కింద బతికేవాళ్లని. ఆ మాట దగ్గర మేం చాలా తన్నుకులాడి అట్లాగే ఉంచేశాం. మీ మాట ముందే తెలిసుంటే కనీసం నటులకైనా చెప్పి అర్థం చేయించేవాణ్ణి.

కోటనీడ గారూ, చెప్పుల చప్పుడు సంగతి కేథరిన్ వేసిన అమ్మాయికి చెప్పాను. అది తను సొంతంగా చేసుకున్నదట. నేనూ గమనించలేదు. సిగ్గుగా ఉంది.

పుత్తూరు_భారతం

నాయనా, నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. నలభై ఏళ్లుగా భారతం మిట్టల మీద వీధి నాటకం ఆడుతున్నా. దుర్యోధనుడు, దుశ్శాసనుడు, కీచకుడు, అన్నీ దుష్ట వేషాలే నా వంతు. మనవడు ఇది చదివి వినిపించాడు, వాడే టైపు చేస్తున్నాడు.

ఈల చెడ్డది కాదు. కీచకవధ నాడు భీముడు గుద్దితే తెల్లవారుజామున మూడింటికి కూడా మిట్టంతా లేచి అరుస్తుంది. సురభి వాళ్లు 1885లో మొదట ఆడింది కూడా కీచకవధే. ఈల ఎవరి వైపు నుంచి పడుతుందో అది చూడాల. కీచకుడు సైరంధ్రిని తన్నినప్పుడు జనం ఈల వేస్తే ఆ ఆటలో ఎక్కడో తప్పు జరిగినట్టే.

మా మేళంలో వలువలు లాగే ఘట్టానికి ముందు ఒక పద్ధతి ఉంది. దుశ్శాసనుడి వేషగాడు ద్రౌపది వేషం ముందు కర్పూరం వెలిగించి మొక్కుతాడు. జనం ముందరే. ద్రౌపది కట్టేదీ మగవాడే, మా సొంత తమ్ముడే అయినా సరే మొక్కాల్సిందే. ‘తల్లీ, వేషం కోసం చేస్తున్నా’ అని. మొక్కిన తర్వాత చీర మీద చెయ్యి వేస్తే ఒక్కడు కూడా కేక పెట్టడు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తారు. పద్దెనిమిదో నాడు మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి తొడ పగలగొడతారు, ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. అప్పుడు వెయ్యండి ఎన్ని ఈలలైనా.

మీ నాటకంలో ఆ ఎడ్డీ వేషగాడు కొట్టే ముందు నవ్వుతాడని చెప్పినారే. ఆ నవ్వు ఎట్లాంటి నవ్వు? అది నాకు తెలియాల.

మంగళం_మేడగది

పెద్దాయనా, నమస్కారం. ఆ నవ్వు సరదా నవ్వు. అంటే పైకి సరదా. రొడాల్ఫో ‘చాలు బావా’ అంటాడు, ఎడ్డీ ‘ఇంకొక్కటి చూడు బామ్మర్దీ’ అని నవ్వుతూ కొడతాడు. కేథరిన్ పక్కన నిలబడి ‘మామయ్యా, మెల్లగా’ అంటుంది.

పాఠం_చెప్పే_అక్క

ఆగండి. కేథరిన్ ఎడ్డీని ఏమంటుంది?

మంగళం_మేడగది

మామయ్యా అనే అక్కా. ఇంగ్లీషులో పేరు పెట్టి ఎడ్డీ అనే పిలుస్తుంది. మనకది కుదరదు కదా. బాబాయ్ అంటే మరీ చిన్నవాడిలా, పెదనాన్న అంటే ముసలివాడిలా అనిపించింది. నోటికి తేలిగ్గా ఉందని మామయ్య పెట్టాం. అంకుల్‌కు ఇప్పుడు అందరూ అనేది అదేగా.

పాఠం_చెప్పే_అక్క

మీ ఈలల సంగతి ఇక్కడే ఉంది. కొంచెం వివరంగా చెప్తాను.

బియాట్రిస్ తోబుట్టువు కూతురు కేథరిన్. అంటే బియాట్రిస్ పిన్ని. పిన్ని మొగుడు చిన్నాయన. తండ్రి వరస. మన లెక్కలో కేథరిన్ ఎడ్డీకి కూతురు, అందులో ఇంకో మాట లేదు. ఆ పిల్ల మీద అతనికి పుట్టిన కోరిక పేరు పెట్టి చెప్పుకోలేనిది కాబట్టే నాటకం నడుస్తుంది. బియాట్రిస్ చివర్లో ఆ మాట బయటపెట్టినప్పుడు ఎడ్డీ అదిరిపోతాడు. తనకు తాను కూడా ఒప్పుకోని సంగతి అది.

మీరేమో అతన్ని ‘మామయ్య’ చేశారు. తిరుపతిలో కూర్చుని! అక్క కూతుర్ని చేసుకున్న మేనమామలు ప్రతి వీధిలోనూ ఉన్నారిక్కడ. మా అమ్మానాన్నలదీ మేనరికమే. ‘మామయ్యా’ అన్న పిలుపు చెవిన పడగానే వెనక వరసల్లో కూర్చున్నవాడికి నాటకం ఏమని అర్థమైంది? హక్కున్న మామ పెంచుకున్న పిల్లను, ఎక్కడినుంచో ఓడెక్కి వచ్చినవాడు ఎగరేసుకుపోతున్నాడు. మామ బుద్ధి చెప్తున్నాడు. ఈల వేయడా మరి?

ఇంకొకటి చూడండి. రొడాల్ఫో బియాట్రిస్‌కు తమ్ముడి వరస అని మీరే రాశారు. అంటే కేథరిన్‌కు మేనమామ వరస అయ్యేది అతను! మన లెక్కలో పెళ్లికి తగినవాడు రొడాల్ఫో, తగనివాడు ఎడ్డీ. ఒక్క పిలుపుతో మీరు దాన్ని తలకిందులు చేశారు.

కపిలతీర్థం_కుర్రాడు

అక్కా! రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నేను కూడా నాటకమంతా ఎడ్డీకి ఆ పిల్లను చేసుకునే హక్కు ఉందనే చూశాను, బియాట్రిస్ పాపం అనుకున్నాను, అంతే. ఈలలు వేసినవాళ్లను తిట్టాను గానీ నేను చూసిందీ అదే నాటకం.

రేణిగుంట_వాసి

చిన్నాయన అని తెలిసుంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి కాదు. ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక అనుమానం. మామ అయితే కొట్టొచ్చు, చిన్నాయన అయితే కొట్టకూడదా? అట్లాగైతే మన బాధ దెబ్బ గురించి కాదు, వరస గురించి. కోటనీడ గారు అడిగిన ప్రశ్న నిన్నటి నుంచి తొలుస్తోంది. మా అక్కకు ఫోన్ చేశాను. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత. ఆ అబ్బాయి పలకరించింది రికార్డు నోట్సు తిరిగివ్వమని అడగడానికట. అంతకన్నా ఎక్కువ ఇక్కడ రాయలేను.

కోటనీడ

అన్నా, ఫోన్ చేశారు, అది చాలు. థాంక్స్.

తాతయ్యగుంట_వీధి

ఆలస్యంగా వస్తున్నాను. రొడాల్ఫో మీద ఎడ్డీకి ఉన్న అసలు అభ్యంతరం గురించి ఎవరూ మాట్లాడలేదే. వాడు పాడతాడు, వండుతాడు, కేథరిన్‌కు గౌను కుట్టిపెడతాడు, జుట్టు బంగారు రంగు. ‘వాడు సరైనవాడు కాడు’ అని ఎడ్డీ లాయరు దగ్గరికి కూడా పోయి చెప్తాడు. ఇంకా ఏమని చెప్పాలో మాట రాదు అతనికి.

నేను ఏటా గంగ జాతరలో ఆడవేషం కడతాను. మొక్కు. పన్నెండేళ్ల వయసు నుంచి. మా అమ్మ తన పెళ్లి చీరే ఇస్తుంది. కుచ్చిళ్లు పెట్టేది మా నాయన. పాత కాలం మనిషి, ఎవరితోనూ నాలుగు మాటలు ఆడడు. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, పిన్నీసు పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో మడత సరిచేస్తాడు. సవరం, పూలు, గాజులు. ఆ రోజు వీధిలో నన్ను ఎవరూ ఒక్క మాట అనరు, దండం పెడతారు. అదే నేను మామూలు రోజున మా ఆవిడకు ఒంట్లో బాగాలేక గిన్నెలు తోముతుంటే మా నాయనే ‘ఆడంగి పనులు’ అన్నాడు. అదే చేతులతో కుచ్చిళ్లు పెట్టిన మనిషి!

అందుకే రొడాల్ఫో నాకు దగ్గరివాడు. ఎడ్డీలోనూ నాకు మా నాయన కనిపిస్తాడు. చెడ్డవాడు కాదు. ప్రేమ చూపించడానికి ఏడాదికి ఒక్క రోజు మాత్రమే అనుమతి ఉన్నవాడు. ఎడ్డీకి ఆ ఒక్క రోజు కూడా లేదు.

జాతర కథ తెలియనివాళ్లకు చెప్తాను. ఆడవాళ్లను చెరిచే పాలెగాణ్ణి గంగమ్మ రోజుకో వేషంలో వెతుకుతుంది. వాడు దాక్కుంటాడు. దొర వేషంలో ఆమె వస్తే, తన పైవాడెవరో వచ్చాడనుకుని బయటికొస్తాడు, తల తెగుతుంది. మా నాయనమ్మ చెప్పే కథలో ఆ మర్నాడు మాతంగి వేషంలో ఆ తల్లే వెళ్లి పాలెగాడి పెళ్లాన్ని ఓదారుస్తుంది. చంపింది తనే, ఓదార్చిందీ తనే. ఎడ్డీ చివరికి ప్రాణం విడిచేది బియాట్రిస్ చేతుల్లో అని చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గొంతు వినిపించింది.

పుత్తూరు_భారతం

మంచి మాట చెప్పినావు అబ్బోడా. ఆడవేషానికి స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ ఇచ్చినారు. మగతనం ఎక్కడికీ పోలేదు ఆయనకు.

పాఠం_చెప్పే_అక్క

1956 అన్నారు కాబట్టి ఒక సంగతి గుర్తొచ్చింది. ఈ నాటకం 1955లో న్యూయార్క్‌లో ఒకే అంకంగా మొదలై, 1956లో పీటర్ బ్రూక్ దర్శకత్వంలో లండన్‌లో రెండంకాలుగా వచ్చింది. అప్పట్లో అక్కడ నాటకాలకు లార్డ్ చాంబర్‌లేన్ ఆఫీసు అనుమతి కావాలి. అనుమతి ఇవ్వలేదు. కారణం, ఎడ్డీ తాగి వచ్చి కేథరిన్‌ను ముద్దు పెట్టుకుని, ఆ తర్వాత రొడాల్ఫోను అదిమి పట్టి వాడికీ ముద్దు పెట్టే ఘట్టం. చివరికి క్లబ్బు సభ్యులకు వేసే ఆట పేరుతో ఆడించారు. అక్కడ ఆ సెన్సారు పోయింది 1968లో.

బాక్సింగ్ దెబ్బ మీద వాళ్లకు అభ్యంతరం లేదు. కత్తి మీద కూడా లేదు. మగాడు మగాడికి పెట్టే ముద్దు మీదే. అది ప్రేమ కూడా కాదు, అవమానించడానికి పెట్టింది. కొట్టడం కంటే ఘోరమైన దెబ్బ అది. మీరు ఆ ఘట్టం ఏం చేశారు?

మంగళం_మేడగది

తీసేశాం అక్కా. హాలు దొరకదని, పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరని. ఇద్దర్నీ జుట్టు పట్టి లాగినట్టు పెట్టాం. దెబ్బను ఉంచి ముద్దును తీసేశామని మీరు చెప్పేదాకా ఆలోచించలేదు.

పాఠం_చెప్పే_అక్క

మిమ్మల్ని తప్పు పట్టను, ఊరి పరిస్థితి నాకూ తెలుసు. కానీ జుట్టు పట్టి లాగితే మళ్లీ అది మామూలు కోపమే అవుతుంది. ముద్దు పెట్టలేకపోతే కనీసం ఆ కుర్రాడి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదలకుండా ఉండనివ్వండి. మనం పిల్లల ముఖం పట్టుకుంటామే, అట్లా. చూసేవాడికి ఊపిరాడకూడదు.

ఇంకో సంగతి, ఫోన్ గురించి. మిల్లర్‌కు ఈ కథ చెప్పింది రేవు కూలీల తరఫున పనిచేసిన లాయరు విన్సెంట్ లాంగీ. బంధువుల్ని పట్టిచ్చి ఊళ్లో ముఖం చెల్లకుండా పోయిన ఒక కూలీ కథ. 1924 చట్టం ఇటలీ నుంచి వచ్చేవాళ్ల కోటాను బాగా కోసేసింది, 1965 దాకా ఆ కోటాలే. కాబట్టి కాగితాల్లేకుండా వచ్చేవాళ్లు ప్రతి వీధిలో ఉండేవాళ్లు, ప్రతి వీధీ నోరు మూసుకునేది. నాటకం మొదట్లో ఎడ్డీ, బియాట్రిస్ కలిసి కేథరిన్‌కు చెప్తారు కదా, ఇంట్లో దాచిన సొంత అంకుల్‌ను పట్టించిన పద్నాలుగేళ్ల కుర్రాణ్ణి సొంత అన్నదమ్ములే మెట్ల మీద ఈడ్చి ఉమ్మేశారని. తర్వాత తనే ఫోన్ ఎత్తుతాడు. మిల్లర్‌ను కూడా 1956లో అమెరికా పార్లమెంటు కమిటీ పిలిచి, కమ్యూనిస్టు సమావేశాలకు వచ్చిన తోటి రచయితల పేర్లు చెప్పమంది. చెప్పలేదు. 1957లో శిక్ష పడింది, 1958లో అప్పీలులో కొట్టేశారు.

ఎడ్డీ చేసిన అసలైన హింస ఆ ఫోనే అంటాను. ఒక్క వేలు కదిలింది, సిసిలీలో ఉన్న మార్కో పిల్లల నోటి దగ్గర కూడు పోయింది. దానికి కండలు అక్కర్లేదు.

పీలేరు_టు_కువైట్

అక్కా, మా రూములో కూడా ఎవరో ఒకరు ఒకసారి ఫోన్ చేసినారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. ముగ్గుర్ని తీసుకుపోయినారు. ఆ తర్వాత నెల రోజులు రూములో ఎవరూ ఎవరి ముఖం చూడలేదు, ఒకే పళ్లెంలో తినేవాళ్లం వేర్వేరుగా తిన్నాం.

మంగళం_మేడగది

పది రోజుల తర్వాత వస్తున్నాను. నిన్న రాత్రి అదే హాల్లో మళ్లీ ఆడాం. ఏం మార్చామో చెప్తాను.

‘మామయ్యా’ పోయింది. కేథరిన్ ఇప్పుడు ‘చిన్నాయనా’ అంటుంది. మొదటి రిహార్సల్లోనే ఎడ్డీ వేసే అన్న ఆగిపోయాడు. ఆయనకు బస్టాండు దగ్గర టిఫిన్ సెంటరుంది, ఇద్దరు ఆడపిల్లలు. ‘ఈ మాటలోనే నాయన ఉన్నాడు, నేనా పిల్ల వైపు ఇంతకు ముందు చూసినట్టు చూడలేను’ అన్నాడు. సరిగ్గా అదే కావాలన్నాను. ఇప్పుడు ఆయన చూడాలనుకున్నప్పుడల్లా చూపు తిప్పేసుకుంటాడు. చుట్ట వెలిగించడానికి ఆ పిల్ల అగ్గిపుల్ల తెస్తే ఆయన కళ్లు మంట మీదే ఉంటాయి.

‘బావా’ మాత్రం తీయలేదు. తీసేద్దామనే అనుకున్నాం, బావ బామ్మర్దుల మేలమాడటం అనుకునే జనం నవ్వుతున్నారని. పీలేరన్న పోస్టు మళ్లీ చదివాక ఉంచేశాం. ఎడ్డీ దాక్కునేది ఆ సరదా వెనకే. సరదాకి కొట్టానంటే ఎవరూ అడగరు.

దెబ్బ తర్వాత కుర్చీ ఘట్టం ఉంది కదా. మార్కో ఒక కుర్చీని దాని ఒక కాలు అడుగున పట్టుకుని ఒంటిచేత్తో ఎత్తగలవా అని ఎడ్డీని అడుగుతాడు. ఎడ్డీ మోకాలి మీద కూర్చుని ప్రయత్నిస్తాడు, కొంచెం లేచి ఒరిగిపోతుంది. మార్కో మెల్లగా ఎత్తుతాడు, తల మీదికి, ఎడ్డీ ముఖంలోకి చూస్తూ. ఇదివరకు మార్కో అక్కడ ఏ వరసా పెట్టి పిలిచేవాడు కాదు. నిన్న కుర్చీ అడిగేటప్పుడు ‘బావా’ అన్నాడు. రొడాల్ఫో వాడిన మాటే, ఎడ్డీ సరదా గొంతుతో. తర్వాత మౌనం. కుర్చీ పైకి పోతూనే ఉంది.

బాక్సింగ్ దెబ్బకు ఒక ఈల మొదలైంది. మధ్యలో ఆగిపోయింది. కుర్చీ దగ్గర ఒక్క శబ్దం లేదు, పైన ఫ్యాను తిరిగేది వినిపించింది.

ముఖాన్ని చేతుల్లోకి తీసుకునే ఘట్టంలో ముందు వరసలో ఒకావిడ లేచి వెళ్లిపోయారు. ఆట అయ్యాక గేటు దగ్గర ఉన్నారు. ఏమీ అనలేదు, కేథరిన్ వేసిన అమ్మాయి చెయ్యి పట్టుకుని వెళ్లారు.

పుత్తూరు_భారతం

కర్పూరం సంగతి ఏం చేసినారు నాయనా?

మంగళం_మేడగది

చెప్పడం మరిచాను పెద్దాయనా. స్టేజి మీద కాదు, తెర వెనక. మొదలుపెట్టే ముందు టిఫిన్ సెంటర్ అన్న రొడాల్ఫో కుర్రాడి ముందు కర్పూరం వెలిగించి దండం పెట్టాడు. కుర్రాడు కంగారుపడి ఆయన కాళ్ల మీద పడబోయాడు, మేమే ఆపాం. ఆట అయ్యాక వాణ్ణి అడిగాను, ఏమైనా తేడా ఉందా అని. ‘ఇన్నాళ్లూ దెబ్బ వస్తుందంటే కళ్లు మూసుకునేవాణ్ణి అన్నా, ఇవాళ తెరిచే ఉంచా’ అన్నాడు.